చేతిరుమాలు మరచిపోయిన కథానాయకుడు

క్రిందటి సంచికలో ఈ పేజీలో కాశీమజిలీ కథలను తలచుకున్నాను. అది చదివిన ఒక పెద్దాయన మా వీధి చివర కిరాణా కొట్టు దగ్గర నన్ను ఆపి, "బ్యాంకు ఆఫీసరుకు వడ్డీ లెక్కలు చాలవా, కథలు కూడా కావలసివచ్చాయా?" అన్నారు. వారికి కోపం రాదంటే ఈసారి ఇంకొంచెం దూరం వెళతాను. ఇంగ్లండు దాకా.

అక్కడ 1937 సెప్టెంబరు 21న ఒక పిల్లల నవల వెలువడింది. పేరు 'ది హాబిట్'. వ్రాసినవాడు ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో ప్రాచీన ఇంగ్లీషు ఆచార్యుడు జె.ఆర్.ఆర్. టోల్కీన్. మొదట వేసినవి 1500 ప్రతులు. ఆ డిసెంబరు నాటికే అవి చెల్లిపోయాయి. వ్రాతప్రతిని చదివి, వేయవచ్చునని అభిప్రాయం వ్రాసి ఇచ్చినవాడు ప్రచురణకర్తగారి పదేళ్ళ కొడుకు. ఆ పనికి తండ్రి వాడికిచ్చిన రుసుము ఒక షిల్లింగు. ఇంత తక్కువ ఖర్చుతో అంత మంచి సలహా దొరికిన వ్యాపారం నా సర్వీసులో ఇంకొకటి చూడలేదు.

ఈ పుస్తకం నా చేతికి రావడానికి కారణం మా అమ్మాయి. చదువు పూర్తయ్యాక పూనాలో ఉద్యోగం వచ్చింది. ఆ నియామకపు కాగితం ఎనిమిది రోజులు మా ఇంట్లో నా బల్ల మీద పేపరువెయిట్ కింద ఉంది. నేను వద్దనలేదు. "ఇక్కడే బరంపురంలోనో, భువనేశ్వరంలోనో ఏదైనా చూసుకోవచ్చు కదా" అన్నాను. వద్దు అనడానికి తండ్రులు వాడే మాట అది. తొమ్మిదో రోజు ఆ కాగితం పక్కన ఈ నవల పెట్టి, "నాన్నా, ఇది చదవండి. చదివాక మీరెలా చెబితే అలా. మొదటి అధ్యాయంలో మీరే ఉన్నారు" అంది.

నిజంగానే ఉన్నాను. కథానాయకుడు బిల్బో బాగిన్స్‌కు సుమారు 50 ఏళ్ళు. హాబిట్లంటే మనుషులకు సగం ఎత్తుండే, అరికాళ్ళు గట్టిగా, పాదాల మీద ఒత్తుగా జుట్టుండే ఒక జాతి. చెప్పులు వేసుకోరు. రోజుకు రెండుసార్లు ఫలహారం చేస్తారు. కొండను తొలిచి కట్టిన బిల్బో ఇంటికి గుండ్రటి ఆకుపచ్చ తలుపు, లోపల వరసగా సామాన్ల గదులు, వంటగదులు. బాగిన్స్ వారంటే ఆ ఊళ్ళో చాలా గౌరవం. ఎందుకంటే వాళ్ళు ఎన్నడూ ఊహించని పని చేయరు. వాళ్ళను ఒక ప్రశ్న అడగవలసిన అవసరమే లేదు, ఏం చెబుతారో ముందే తెలుసు. అటువంటివాడి గుమ్మంలోకి గాండాల్ఫ్ అనే ముసలి మాంత్రికుడు వచ్చి, ఒక సాహసయాత్రకు మనిషి కావాలంటాడు. బిల్బో కంగారుపడి, అలాంటివి మాకు పడవండీ, భోజనాల వేళలు తప్పుతాయి అన్న ధోరణిలో మాట్లాడి తలుపు వేసుకుంటాడు. వేసుకుంటూ, మర్యాద కోసం, రేపు టీకి రండి అంటాడు. ఆ మర్యాదే కొంప ముంచింది.

ఇక్కడ ఒక అమెరికన్ ఆచార్యుణ్ణి పిలవాలి. 1949లో జోసెఫ్ కాంప్‌బెల్ అనే ఆయన, వెయ్యి ముఖాల వీరుడు అని అర్థం వచ్చే పేరుతో ఒక గ్రంథం ప్రకటించాడు. దేశదేశాల పురాణాలు, జానపద కథలు పక్కపక్కన పెట్టి చూస్తే అన్నిటిలోనూ ఒకటే దారి కనబడుతుందని ఆయన వాదన. ఇల్లు విడిచి బయలుదేరడం, తెలియని లోకంలో పరీక్షలు, ఏదో ఒక ఫలం సంపాదించి తిరిగి రావడం. ఈ మూడు భాగాలలో కలిపి 17 మజిలీలు లెక్కపెట్టాడు. 1977లో వచ్చిన స్టార్ వార్స్ సినిమా తీసిన జార్జ్ లూకాస్ ఈయనకు ఋణపడి ఉన్నానని చెప్పుకోవడంతో ఈ పద్ధతికి హాలీవుడ్‌లో గిరాకీ పెరిగింది. పాతాళభైరవిలో మన తోటరాముణ్ణి తీసుకున్నా ఈ దారినే నడిచాడని చెప్పవచ్చు. ఆ సినిమా 1951 నాటిది, దానికి అమెరికా ఆచార్యుడి సాయం అక్కరలేకపోయింది.

హాబిట్ నవల కాంప్‌బెల్ గ్రంథానికి 12 ఏళ్ళు పెద్దది. కాబట్టి టోల్కీన్ ఆ పట్టిక చూసి వ్రాశాడనడానికి లేదు. ఆయన బల్ల మీద ఉన్నవి వేరు. బేవుల్ఫ్ అనే పాత ఇంగ్లీషు కావ్యం ఒకటి. అందులోనూ నిధి మీద పడుకున్న డ్రాగన్ దగ్గర ఎవడో ఒక పాత్ర దొంగిలిస్తే అది లేచి దేశాన్ని తగలబెడుతుంది. ఐస్‌లాండు వారి ప్రాచీన గేయాలు ఇంకొకటి. గాండాల్ఫ్ పేరూ, మరుగుజ్జుల పేర్లు చాలావరకూ వాటిలోంచి తెచ్చుకున్నవే. ఆచార్యులిద్దరూ ఒకే చెరువులో నీళ్ళు తోడుకున్నారు. ఒకాయన పట్టిక చేశాడు, ఇంకొకాయన కథ చేశాడు.

కాంప్‌బెల్ పట్టికలో మొదటి మజిలీ పిలుపు. రెండోది ఆ పిలుపును కాదనడం. ఇది చదివి పుస్తకం మూసి కాసేపు కూర్చున్నాను. ఎందుకంటే రెండో మజిలీలో నేను ఏడేళ్ళు ఉన్నాను.

బ్యాంకు ఉద్యోగుల ఇళ్ళలో ఈ సంగతి అందరికీ తెలిసిందే. గుమాస్తాగా చేరినవాడు ఆఫీసరు కావాలంటే బదిలీకి ఒప్పుకోవాలి. వద్దనుకుంటే, కుటుంబ కారణాల వల్ల పదోన్నతి స్వీకరించలేకపోతున్నానని ఒక కాగితం వ్రాసి ఇస్తే సరిపోతుంది. కుటుంబ కారణాలేమిటని ఎవరూ అడగరు. రెండుసార్లు వ్రాసి ఇచ్చాను. అప్పట్లో మా కుటుంబంలో ఏ కారణమూ లేదు. నాన్నగారు ఆరోగ్యంగా ఉన్నారు, పిల్లలు ఇంకా పుట్టలేదు. సాయంత్రం ఆరింటికి ఇంటికి వచ్చి మా అరుగు మీద కూర్చోవడం అలవాటైంది, అంతే. మూడోసారి ఆ కాగితం వ్రాస్తూ ఉంటే మా శాఖలో పెద్దాయన ఒకరు దాన్ని నా చేతిలోంచి తీసుకుని, నాలుగు మడతలు పెట్టి తన చొక్కా జేబులో వేసుకుని, "సోమవారం మాట్లాడదాం" అన్నారు. సోమవారానికి గడువు దాటిపోయింది. విదర్భలో, బస్సు దిగి రెండు మైళ్ళు నడవవలసిన ఒక ఊరికి వేశారు.

బిల్బోకు జరిగింది కూడా దాదాపు ఇదే. మర్నాడు టీకి గాండాల్ఫ్ ఒక్కడే రాలేదు, ఒకరి వెనుక ఒకరుగా 13 మంది మరుగుజ్జులు దిగారు. ఎప్పుడో వారి పెద్దల నుంచి స్మాగ్ అనే డ్రాగన్ లాక్కున్న కొండనూ, దానిలోని బంగారాన్నీ తిరిగి తెచ్చుకోవాలని వారి యాత్ర. నాయకుడు థోరిన్. 13 అశుభమని పద్నాలుగోవాడు కావాలి. పైగా వారికి ఒక దొంగ కావాలి. ఆ ఉద్యోగానికి గాండాల్ఫ్ సిఫారసు చేసిన అభ్యర్థి బిల్బో! తెల్లారి లేచేసరికి అందరూ వెళ్ళిపోయారు, గడియారం కింద ఒక ఒప్పందపు ఉత్తరం ఉంది.

ఆ ఒప్పందాన్ని నేను మూడుసార్లు చదివాను. వృత్తి అలవాటు. లాభంలో పద్నాలుగో వంతు, అది కూడా లాభమంటూ ఉంటేనే. ప్రయాణపు ఖర్చులు పూర్తిగా వారివే. చనిపోతే అంత్యక్రియల ఖర్చు వారిది, లేదా వారి ప్రతినిధులది, అది కూడా సంగతి వేరే విధంగా పరిష్కారం కాకపోతేనే. డ్రాగన్ మింగేస్తే అంత్యక్రియలేమిటన్నమాట. అడ్వాన్సు లేదు. ఇరువైపులా సంతకాలు లేవు. పద్నాలుగో వంతంటే నూటికి 7 రూపాయల 14 పైసలు. అన్నిటికీ మించి, ఆ వంతు సొమ్మును ఎవరు, ఎలా ఇంటికి చేరుస్తారన్న మాట అందులో ఎక్కడా లేదు. ఈ లోపాన్ని గుర్తుపెట్టుకోండి. కథలో ఇంకొకరు కూడా దీన్ని పట్టుకుంటారు.

పది నిమిషాల్లో సత్రం దగ్గర కలవాలని గాండాల్ఫ్ తరుముతాడు. టోపీ లేదు, చేతికర్ర లేదు, డబ్బు లేదు, తిన్న పళ్ళెం కూడా కడగలేదు, బిల్బో పరుగెత్తాడు. రొప్పుతూ చేరాక జ్ఞాపకం వచ్చింది చేతిరుమాలు మరచిపోయానని. కాంప్‌బెల్ దీన్ని మొదటి గడప దాటడం అంటాడు. పురాణాల్లో ఆ గడప దగ్గర రాక్షసులు కాపలా ఉంటారు. ఇక్కడ ఉన్నది చేతిరుమాలు. టోల్కీన్ గొప్పతనం ఇక్కడే ఉందని నాకనిపిస్తుంది. మనల్ని నిజంగా ఆపేవి రాక్షసులు కావు. విదర్భ వెళ్ళేటప్పుడు నన్ను స్టేషనులో దాదాపు వెనక్కి లాగినది మా అమ్మ కట్టి ఇచ్చిన మాగాయ జాడీ. రైలు కదిలే ముందు అది ఇంట్లోనే ఉండిపోయిందని తెలిసింది.

దారిలో కష్టాలన్నీ చెబితే ఈ పత్రిక మొత్తం నాకే ఇవ్వాలి. ముగ్గురు ట్రోల్ రాక్షసుల్లో ఒకడి జేబు కొట్టబోయి బిల్బో దొరికిపోతాడు. మంచు కొండల కింద గాబ్లిన్ల సొరంగాల్లో తనవాళ్ళ నుంచి తప్పిపోతాడు. ఆ చీకట్లో పాకుతుంటే చేతికి ఒక ఉంగరం తగులుతుంది. వేలికి పెట్టుకుంటే ఎవరికీ కనబడడు. అయితే ఉంగరం కంటే ముఖ్యమైనది ఆ తరువాతి ఘట్టం. అక్కడి చెరువులో గాలమ్ అనే ఒంటరి ప్రాణి ఉంది. ఓడితే ప్రాణం పోయే షరతు మీద ఇద్దరూ పొడుపుకథల పోటీ పెట్టుకుంటారు. చివరికి తప్పించుకునే దారిలో గాలమ్ అడ్డంగా కూర్చుని ఉంటాడు. బిల్బో కనబడడు, చేతిలో కత్తి ఉంది. పొడిచేస్తే పని అయిపోతుంది. కాని వెలుతురు లేకుండా, మంచి రోజు వస్తుందన్న ఆశ లేకుండా సాగిన ఆ బ్రతుకు ఒక్క క్షణం కళ్ళముందు మెదిలి, చంపలేక, వాడి తల మీదుగా దూకి వెళ్ళిపోతాడు. ఈ అధ్యాయాన్ని టోల్కీన్ 1951లో మార్చి వ్రాశాడు. మొదటి ముద్రణలో గాలమ్ ఇంత దుర్మార్గుడు కాడు, ఉంగరాన్ని పందెంగా ఒడ్డిన ప్రాణి. ఈ నవల తరువాత 1954, 1955లలో మూడు సంపుటాలుగా వచ్చిన 'ది లార్డ్ ఆఫ్ ది రింగ్స్' మొత్తం ఈ ఒక్క జాలి మీదే నిలబడింది.

తరువాత మిర్క్‌వుడ్ అనే చీకటి అడవి అంచున గాండాల్ఫ్, నాకు వేరే పనులున్నాయని సెలవు తీసుకుంటాడు. గురువు ఏదో ఒక మజిలీలో విడిచిపోవాలి. ఆ అడవిలో బిల్బో ఒంటరిగా ఒక పెద్ద సాలెపురుగును చంపుతాడు, తన చిన్న కత్తికి పేరు పెట్టుకుంటాడు. ఎల్ఫ్ రాజు చెరలో ఉన్న మరుగుజ్జులను ఖాళీ పీపాల్లో కుక్కి నదిలో వదిలి బయటపడేస్తాడు. అప్పటికి ఆయన మీద వారికి గురి కుదిరింది.

కాంప్‌బెల్ పట్టికలో దేవతను కలవడం, స్త్రీ వల్ల ప్రలోభం అనే మజిలీలు కూడా ఉన్నాయి. ఈ నవలలో అవి వెతికినా దొరకవు. బిల్బో తల్లి పేరు వినబడుతుందే తప్ప, కథ నడిపే ఆడమనిషి ఒక్కరూ లేరు. "అది మాత్రం ఆ ప్రొఫెసరుగారి తప్పే నాన్నా" అని మా అమ్మాయి తీర్పు. నేనూ ఒప్పుకుంటాను. పట్టిక అభిమానులు కొందరు ఈ గళ్ళను కూడా ఏదో ఒకదానితో నింపుతారు. లెక్క కుదరని పద్దును సస్పెన్స్ అకౌంటులో పడేసి బ్యాలెన్సు చూపించే గుమాస్తాలు గుర్తొస్తారు నాకు. కుదిరినవి చాలు, కుదరనివి కుదరలేదని వ్రాసుకుంటే ఆడిటరు ఏమీ అనడు.

ఇక డ్రాగన్. రహస్య ద్వారం తెరుచుకుంది. మరుగుజ్జులు గుమ్మం దగ్గరే ఆగారు. బిల్బో ఒక్కడే సొరంగంలో దిగాడు. ముందు ఎర్రటి వెలుగు, గురక చప్పుడు. అక్కడ ఒక్క క్షణం ఆగిపోయి, మళ్ళీ అడుగు వేశాడు. ఆయన చేసిన సాహసాలన్నిటిలోకీ అదే పెద్దదంటాడు రచయిత. డ్రాగన్‌ను ఇంకా చూడనే లేదు! అసలు యుద్ధం సొరంగంలోనే గెలిచాడని, తరువాత జరిగినవి దానితో పోలిస్తే చిన్నవని. ఇంత పొడుగు కథలో నేను పెన్సిలుతో గీత గీసిన చోటు ఇది ఒక్కటే. అమ్మాయి పుస్తకం కాబట్టి మెల్లగా గీశాను.

మొదటిసారి ఒక పాత్ర తెచ్చాడు. రెండోసారి వెళ్ళినప్పుడు స్మాగ్ మేలుకుని ఉంది. ఇద్దరికీ సంభాషణ జరిగింది. అక్కడ ఆ డ్రాగన్ అడిగిన ప్రశ్న నా గుండెలో గుచ్చుకుంది. నీకు పద్నాలుగో వంతు ఇస్తామన్నారు కాబోలు, బాగానే ఉంది, మరి ఆ బంగారాన్ని ఇంటికి ఎలా చేరుస్తావు? బండికూలి ఎవరిస్తారు, కాపలా ఎవరు, దారిలో సుంకాల మాటేమిటి? ఇదీ దాని ప్రశ్నల సారాంశం. బిల్బోకు నోట మాట రాలేదు. బయలుదేరిన నాటి నుంచి అక్కడికి చేరడం ఎలాగని ఆలోచించారే తప్ప తిరిగి వెళ్ళడం గురించి ఎవరూ ఆలోచించలేదు. ఒప్పందంలోని ఆ లోపాన్ని పట్టుకున్నది డ్రాగనే. నా సర్వీసులో చూసిన ఇన్‌స్పెక్టర్లందరికంటే అది తెలివైనది.

ఆ ప్రశ్న తరువాత కథ మామూలు దారి తప్పుతుంది. తోటరాముడైతే మాంత్రికుణ్ణి తనే చంపి, రాకుమారిని గెలుచుకున్నాడు. ఇక్కడ డ్రాగన్‌ను చంపినవాడు బిల్బో కాదు. దాని ఎడమ రొమ్ము దగ్గర ఒకచోట కవచం లేదని ఆయన గమనించాడు, ఒక పిట్ట ఆ మాట విన్నది, సరస్సు మీది పట్టణంలో బార్డ్ అనే విలుకాడికి చెప్పింది, ఆయన తన నల్లబాణంతో కొట్టాడు. ఆ సమయానికి కథానాయకుడు చీకట్లో కూర్చుని ఏం జరుగుతోందో తెలియక ఎదురుచూస్తున్నాడు. చివరి యుద్ధంలోనూ తలకు రాయి తగిలి స్పృహ తప్పి పడిపోతాడు. లేచేసరికి అంతా అయిపోయింది.

మరి ఈయన చేసిన ఘనకార్యమేమిటి? నిధి దొరికాక థోరిన్‌కు బంగారపు పిచ్చి పట్టింది. డ్రాగన్ వల్ల ఇళ్ళు కాలిపోయిన పట్టణంవారు న్యాయంగా అడిగిన భాగం కూడా ఇవ్వనన్నాడు. యుద్ధం తప్పని పరిస్థితి. థోరిన్ అన్నిటికంటే ఎక్కువగా వెతుకుతున్న ఆర్కెన్‌స్టోన్ అనే మణి అప్పటికే బిల్బో దగ్గర ఉంది. నా పద్నాలుగో వంతు కింద జమ వేసుకుంటానని తనకు తాను చెప్పుకుని దాచుకున్నాడు. ఒక రాత్రి దాన్ని తీసుకువెళ్ళి అవతలి పక్షానికి ఇచ్చేశాడు, బేరానికి పనికివస్తుందని. తన వాటా మొత్తం వదులుకున్నట్టే. బార్డ్, ఎల్ఫ్ రాజు ఆశ్చర్యపోయి, ఇక్కడే ఉండిపో, క్షేమంగా ఉంటావన్నారు. ఆయన ఒప్పుకోలేదు. అదే రాత్రి గోడ ఎక్కి మరుగుజ్జుల దగ్గరకు తిరిగివచ్చాడు. కాపలా కాయవలసిన వంతు తనది, ఉదయం స్నేహితుల తిట్లు తినవలసిన వంతు కూడా తనదే. థోరిన్ నిజంగానే గోడ మీది నుంచి విసిరేయబోయాడు. మరణశయ్య మీద క్షమాపణ అడిగి కన్నుమూశాడు.

కాంప్‌బెల్ ఫలం అంటాడే, అది ఈ కథలో సంపాదించడం కాదు, వదలడం. చివరికి బిల్బో తెచ్చుకున్నది రెండు చిన్న పెట్టెలు, ఒకటి బంగారం, ఒకటి వెండి. ఒక గట్టి గుర్రపుపిల్ల మోయగలిగినంత. డ్రాగన్ అడిగిన బండికూలి ప్రశ్నకు అదే జవాబు.

పట్టికలో మూడో భాగాన్ని జనం తొందరగా దాటేస్తారు. తిరిగి రావడమంటే సినిమా అయిపోయాక లైట్లు వేయడం లాంటిదనుకుంటారు. కాంప్‌బెల్ అలా అనుకోలేదు. వచ్చే దారిలో మొదటి చిక్కు, రాననడం. దానికి ఉదాహరణగా ఆయన చెప్పినది మన భాగవతంలోని ముచుకుందుడి కథ. దేవతల కోసం యుద్ధం చేసి, అలసి, నిద్ర వరంగా అడిగి గుహలో పడుకున్న రాజు. తనను లేపిన కాలయవనుణ్ణి చూపుతో భస్మం చేసి బయటికి వచ్చేసరికి యుగం మారిపోయింది, మనుషులు పొట్టివాళ్ళయ్యారు. ఈ లోకంతో నాకేమిటని మళ్ళీ తపస్సుకు పోయాడు. పుస్తకంలో ఆ పేరు చూసి మా అమ్మమ్మను చూసినంత సంతోషం కలిగింది.

బిల్బో ముచుకుందుడిలా చేయలేదు, ఇంటికే వచ్చాడు. జూన్ 22వ తేదీ. పోయి ఏడాది దాటింది. గుమ్మం ముందు జాతరలా జనం. మరణించినట్టు భావించబడిన కీర్తిశేషులు బాగిన్స్‌వారి సామాను వేలం వేస్తున్నారు. సగం అమ్ముడైపోయింది కూడా. దాయాదులు ఇంట్లో తమ సామాను పడుతుందో లేదో గదులు కొలుచుకుంటున్నారు! తాను బ్రతికే ఉన్నానని రుజువు చేసుకోవడానికి చాలా కాలం పట్టింది. తన కుర్చీలు తానే డబ్బిచ్చి కొనుక్కున్నాడు. వెండి చెంచాలు చాలావరకు మళ్ళీ కనబడలేదు. అన్నిటికంటే పెద్ద నష్టం, ఊళ్ళో గౌరవం పోయింది. ఎల్ఫ్‌లతో స్నేహం చేసేవాడు, పద్యాలు వ్రాసేవాడు మర్యాదస్తుడెలా అవుతాడు? ఆయన పట్టించుకోలేదు. టీ కెటిల్ చప్పుడు మునుపటి కంటే ఇంపుగా వినబడేదట.

ఆ వేలం పాట చదివి నేను పడిపడి నవ్వాను. నవ్వు ఆగాక గుర్తొచ్చింది. విదర్భ నుంచి నాలుగేళ్ళకు తిరిగివస్తే నా సైకిలు మేనల్లుడి దగ్గర ఉంది, నా మడతమంచం పెదనాన్నగారింట్లో ఉంది, అరుగు మీద నా చోటులో ఎదురింటాయన కూర్చుంటున్నారు. ఆయన లేవలేదు, నేనూ అడగలేదు.

ఈ నవలకు రెండో పేరు ఒకటుంది. అక్కడికి పోయి మళ్ళీ రావడం అని దాని అర్థం. మన తెలుగులో గుమ్మం దాటేవాడు వెళతాను అనకూడదు, వెళ్ళొస్తాను అనాలి. మరచిపోయి వెళతానంటే పెద్దవాళ్ళు దిద్దుతారు. మన ఇంట్లో రోజూ వాడే ఒక్క క్రియలో ఉన్న మాటను ఆ ఇంగ్లీషు ఆచార్యుడు అట్ట మీద పెట్టుకున్నాడు.

ఎందుకు పెట్టుకున్నాడో నాకు తెలియదు. ఆయన జీవితచరిత్రలో ఒక సంగతి మాత్రం చెబుతాను. టోల్కీన్ తండ్రి ఆర్థర్ కూడా బ్యాంకు ఉద్యోగే. ఇంగ్లండులో బర్మింగ్‌హామ్‌లో పదోన్నతి ఆలస్యమవుతోందని దక్షిణాఫ్రికా వెళ్ళి, బ్లూమ్‌ఫాంటేన్ అనే ఊళ్ళో ఒక బ్యాంకు శాఖకు మేనేజరయ్యాడు. టోల్కీన్ పుట్టింది అక్కడే, 1892 జనవరి 3న. ఎండ పడక పిల్లవాడికి ఆరోగ్యం చెడితే 1895లో తల్లి ఇద్దరు కొడుకులనూ తీసుకుని ఇంగ్లండు వచ్చింది. తండ్రి పని చూసుకుని వెనుక వస్తానన్నాడు. జ్వరం పట్టి 1896 ఫిబ్రవరిలో అక్కడే పోయాడు. ఓడ ఎక్కబోయే ముందు తండ్రి ఒక పెట్టె మూత మీద తన పేరు పెయింటుతో వ్రాయడం ఆ పిల్లవాడికి గుర్తుండిపోయింది.

మా నాన్నగారు నేను విదర్భలో ఉన్న మూడో ఏడు పోయారు. కబురు అందేసరికి సాయంత్రమైంది. బస్సు, రైలు, మళ్ళీ రైలు. నేను బరంపురంలో దిగేసరికి ఒకటిన్నర రోజు దాటింది. తమ్ముడే అన్నీ చేశాడు. నేను ఎవరినీ ఏమీ అనలేదు, ఎవరి తప్పూ లేదు. మా అమ్మాయి కాగితం ఎనిమిది రోజులు పేపరువెయిట్ కింద ఉండడానికి కారణం ఆడపిల్ల ఒంటరిగా ఉండడం గురించిన భయం కాదు. అది ఆమెకు చెప్పాను. పుస్తకం తిరిగి ఇచ్చేటప్పుడు చెప్పాను. ఆమె చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, "ఇప్పుడు విమానాలున్నాయి నాన్నా" అంది. భువనేశ్వరం నుంచి ఎన్ని గంటలో, ఛార్జీ ఎంతో అప్పటికే చూసి పెట్టుకుంది.

టిక్కెట్టు నేనే తీశాను, కోణార్క్ ఎక్స్‌ప్రెస్‌కు. స్టేషనులో అన్నీ సర్దుకుందో లేదోనని మా ఆవిడ మూడుసార్లు అడిగింది. పచ్చడి సీసాలు లెక్కపెట్టాం. రైలు కదులుతుంటే అమ్మాయి కిటికీలోంచి "వెళుతున్నా నాన్నా" అని కేకవేసింది. "వెళ్ళొస్తానని చెప్పవే" అని నేను బోగీ వెంట నాలుగడుగులు పరుగెత్తాను. చెప్పిందో లేదో చప్పుడులో వినబడలేదు.

దసరాకు వచ్చింది. ఆమె చదువుకునే బల్లను తమ్ముడు తన గదిలోకి లాక్కున్నాడు. సొరుగులో ఆమె కాగితాల స్థానంలో వాడి క్రికెట్ బంతులున్నాయి. "నేను పోయాననుకున్నార్రా?" అని వాడితో దెబ్బలాట. బల్ల ఇవ్వాలంటే వాడికి కొత్త బ్యాటు కొనివ్వాలట. మధ్యవర్తిగా నన్ను కూర్చోబెట్టారు. ఇది వ్రాస్తున్న సమయానికి బేరం ఇంకా తెగలేదు.